రావెన్నా చర్చిలు, మొజాయిక్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలో ఏడ్రియాటిక్ సముద్రానికి దగ్గరగా ఉన్న రావెన్నాలో 5, 6 శతాబ్దాల నాటి తొలి క్రైస్తవ కట్టడాలు ఎనిమిది నిలిచి ఉన్నాయి. 1996లో అవి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వాటిని గురించి చదివేవాళ్లు, చూడబోయేవాళ్లు, ఆ చేతిపని నేర్చుకోవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి.

రోమ్ ఉండగా ఇంత చిన్న ఊళ్లో ఇన్ని ఎందుకు?

క్రీ.శ. 402లో చక్రవర్తి హొనోరియస్ పశ్చిమ రోమన్ కొలువును మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు. చుట్టూ బురదనేలలు కాబట్టి గుర్రపు దండు ఊరి మీద పడడం కష్టం. పక్కనే క్లాస్సె రేవు, అక్కణ్ణుంచి తూర్పు రోమన్ (బైజాంటైన్) రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు ఓడ దారి. 476లో జర్మానిక్ సేనాని ఒడొవాకర్, 493లో ఆస్ట్రోగోత్ తెగ రాజు థియొడొరిక్, 540లో బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ సేనాని బెలిసారియస్, ఇలా ఊరు చేతులు మారుతూ వచ్చింది. వచ్చినవాడల్లా తన గుర్తుగా ఏదో ఒకటి కట్టాడు, లేదా ముందువాడు కట్టినదాన్ని దిద్దాడు. 751లో లొంబార్డు తెగవాళ్లు పట్టుకున్నారు. రేవు పూడిపోయింది, ఊరి ప్రాభవం పోయింది. పాతది కూలగొట్టి కొత్తది కట్టే స్తోమత ఉన్న రోమ్‌లో ఇలాంటివి చాలానే పోయాయి. రావెన్నాను కాపాడినదాంట్లో లేమికి పెద్ద వాటానే ఉంది. పైగా 8, 9 శతాబ్దాల్లో బైజాంటైన్ రాజధానిలో విగ్రహ వ్యతిరేకులు పటాలను చెరిపేసినప్పుడు, ఆ దెబ్బ ఇంతదూరం రాలేదు. జస్టీనియన్ కాలపు బొమ్మలు కావాలంటే ఆయన రాజధానికి కాకుండా రావెన్నాకు వెళ్లాల్సి రావడానికి ఇదే కారణం.

మన ఇళ్లలో వేసే మొజాయిక్ ఫ్లోరింగ్, ఇదీ ఒకటేనా?

కాదు. మన ఇళ్లలోది రాతి చిప్స్‌ను సిమెంటులో కలిపి పరిచి, ఆరాక మిషన్ పెట్టి నునుపు చేసే పని. ముక్క ఎక్కడ పడితే అక్కడే ఉంటుంది, దాన్ని ఎవరూ చేత్తో అమర్చరు. రావెన్నాలో బొమ్మ కోసం ఒక్కొక్క గాజు, రాతి ముక్కనూ తడి సున్నంలో చేత్తో నొక్కారు. ఆ తర్వాత పాలిష్ పట్టలేదు. పడితే పనంతా పాడయ్యేది. ఎందుకో కింద చెప్తున్నాం.

గోడకు, గుమ్మటానికి ముక్కలు ఎలా పట్టి ఉన్నాయి?

సున్నంతోనే. ఇటుక గోడ మీద సాధారణంగా రెండు మూడు పూతలు వేస్తారు. మొదటిది గరుకుది: సున్నం, ఇసుక, కొన్నిచోట్ల ఇటుక పొడి. దీని పైభాగాన్ని తాపీ మొనతో గీతలు గీసి వదిలేస్తారు, పై పూత ఆ గీతల్ని పట్టుకుంటుంది. రెండో పూత కాస్త సన్ననిది, పగుళ్లు రాకుండా అందులో తరిగిన గడ్డి కలిపేవాళ్లు. చివరిది ముక్కలు కూర్చునే పూత. సున్నంలో పాలరాతి పొడి కలిపి 1 నుంచి 2 సెంటీమీటర్ల మందాన వేస్తారు.

చివరి పూత కొన్ని గంటలే మెత్తగా ఉంటుంది. అందుకే గోడంతా ఒకేసారి పూయరు, ఆ పూటకు ఎంత పని జరుగుతుందో అంతే మేర పూస్తారు. దాని మీద బొమ్మను రంగులతో గీస్తారు, కుంచె తడి ఆరకముందే ముక్కలు నొక్కుతారు. బంగారు ముక్కలు వచ్చే చోట ఎరుపో పసుపో పూసేవాళ్లు, సందుల్లోంచి తెల్ల సున్నం పళ్లికిలించకుండా. ఏ పూట పని ఎక్కడ ఆగిందో ఆ అతుకు గీతలు నేటికీ దొరుకుతాయి. ఎన్ని చేతులు పనిచేశాయి, తర్వాతి కాలంలో ఎక్కడ కోసి కొత్తది పెట్టారు అన్నది పరిశోధకులు వాటిని బట్టే తేలుస్తారు.

ఒక ముక్క వెడల్పు ఎక్కువ చోట్ల 5 నుంచి 10 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల ముక్క, 1 మిల్లీమీటరు సందు అనుకుంటే చదరపు మీటరుకు 8,000 పైచిలుకు పడతాయి. కళ్లు, పెదవులు, ముక్కు దగ్గర ఇంకా చిన్నవి వాడారు.

ఇది చెడేది కూడా పూతల దగ్గరే. గోడలోకి నీరు ఎక్కితే ఉప్పు పేరుకుని పూతల మధ్య పట్టు వదులుతుంది. పైనుంచి బొమ్మ బాగానే కనిపిస్తుంది, వేలితో తడితే బోలుగా మోగుతుంది. కొన్నిచోట్ల పూత జారకుండా గోడలో ఇనప మేకులు కొట్టారు. ఆ ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పైనున్న ముక్కల్నే తోసేస్తుంది.

బంగారం నిజమైనదేనా?

నిజమైనదే, కానీ చాలా తక్కువ. గాజు పలక మీద సుత్తితో సాగగొట్టిన బంగారు రేకు పరిచి, దాని మీద మిల్లీమీటరు కంటే పలుచని గాజు పొర వేసి, వేడితో మూడూ అతుక్కునేలా చేస్తారు. చల్లారాక చిన్న ముక్కలుగా కొడతారు. పై గాజు పొర సరిగా అతకకపోతే కొన్నేళ్లకు రేకులా లేచిపోతుంది, దానితో బంగారమూ పోతుంది. బంగారు నేపథ్యంలో అక్కడక్కడా మట్టిరంగు చుక్కలు కనిపించడానికి ఇదొక కారణం. రంగు ముక్కలది వేరే కథ. ఆ కాలపు ముడిగాజు ఎక్కువగా ఈజిప్టు, సిరియా, పాలస్తీనా తీరాల కొలుముల్లో తయారై దిమ్మలుగా వచ్చేది. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు రాగి కలిపేవాళ్లు. మొహాల దగ్గర మాత్రం సున్నపురాయి, పాలరాయి ముక్కలు కూడా వాడారు. అంతా గాజే అయితే మెరుపు మొహం మీద పడి కళ్లూ ముక్కూ తేలవు. సాన్ వితాలే చర్చిలో జస్టీనియన్ రాణి థియోడోరా నగల కోసం ముత్యపు చిప్ప ముక్కలు పెట్టారు.

ముక్కలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పనితనం తక్కువా?

ఇంచుమించు అందరూ మొదట అనుకునేది అదే. నిజం దీనికి తలకిందులు. ముక్కలన్నీ ఒకే చదునులో ఉంటే గోడ అద్దంలా పనిచేస్తుంది: ఒకచోట నిలబడ్డవాడికి కళ్లు చెదిరే మెరుపు, పక్కనున్నవాడికి నల్లటి గోడ. ఒక్కోటి ఒక్కో కోణంలో వాలి ఉంటే, మనిషి అడుగు వేసినప్పుడల్లా కొన్ని ముక్కలు వెలిగి కొన్ని ఆరుతాయి. నూనె దీపాల మంట కదిలినా అంతే. 19వ శతాబ్దపు మరమ్మతుల్లో చాలాచోట్ల ముక్కల్ని చదునుగా, వరుసగా, సందు లేకుండా పేర్చారు. చూడటానికి నీటుగా ఉంటుంది, కానీ ఆ మేర మాత్రం చచ్చిన గోడలా కనిపిస్తుంది.

అసలేది, అతుకేది అని గుర్తుపట్టడానికి మొదటి పరీక్ష ఇదే. ఒకచోట నిలబడి తల మెల్లగా ఎడమకూ కుడికీ తిప్పండి. మెరుపు చుక్కలుగా చెదిరితే పాతది అయ్యే అవకాశం ఎక్కువ, మొత్తం ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరితే అనుమానించండి. రెండో పరీక్ష, మొహంలో వరుసలు బుగ్గ వంపును అనుసరించి తిరుగుతున్నాయా, లేక అడ్డంగా గళ్ల కాగితంలా సాగుతున్నాయా అని చూడటం. ఫొటోల్లో ఈ తేడా తెలియదు. ఫ్లాష్ వేస్తే అసలే తెలియదు.

బయటినుంచి చూస్తే ఉత్త ఇటుక గోడలు. మెదక్ చర్చిలా ఉంటుందనుకున్నాం.

మెదక్ చర్చి 1924లో పూర్తయిన గోథిక్ తరహా కట్టడం. మొనదేలిన కమానులు, ఎత్తైన గోపురం, రంగు గాజుల కిటికీలు, ఇవన్నీ ఐరోపాలో 12వ శతాబ్దం తర్వాత ఊపందుకున్న పద్ధతికి చెందినవి. రావెన్నా కట్టడాలు ఆ పద్ధతికి ఆరేడు వందల ఏళ్లు ముందువి. గోడ బయటివైపు పూత కూడా లేని ఇటుక, శోభంతా లోపలే. పక్కన కనిపించే గుండ్రటి గంట గోపురాలు కూడా కొన్ని శతాబ్దాల తర్వాత చేర్చినవే.

బసిలికా అంటే చర్చేనా?

మొదట కాదు. రోమన్ ఊళ్లలో కోర్టు, బేరసారాలు, సభలు జరిగే పొడవాటి హాలు బసిలికా. 313లో క్రైస్తవానికి అనుమతి దొరికి, చక్రవర్తులే డబ్బు పెట్టడం మొదలయ్యాక పెద్ద హాళ్లు కావాల్సి వచ్చాయి. అప్పటి రోమన్ గుడి నమూనా పనికిరాదు. ఆ గుడిలో గర్భాలయం విగ్రహానికి, బలిపీఠం ఆరుబయట, జనం నిలబడేది బయటే. మన గుళ్లు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. క్రైస్తవ ఆరాధనలో జనమంతా లోపల గుమిగూడాలి కాబట్టి సభల హాలునే తీసుకున్నారు: మధ్యలో ఎత్తైన నడవ, రెండువైపులా స్తంభాల వరుసలు, పక్క నడవలు, చివర అర్ధగుమ్మటం, దాని ముందు బలిపీఠం. రావెన్నాలోని సాంతపొల్లినారే నువోవో చర్చిలో వరుసకు 12 చొప్పున 24 స్తంభాలు. క్లాస్సెలోని సాంతపొల్లినారేదీ ఇదే లెక్క.

బాప్తిస్మ మందిరాలకు, సమాధులకు మాత్రం మధ్యబిందువు చుట్టూ తిరిగే నమూనా: గుండ్రం, ఎనిమిది పలకలు, శిలువ. సాన్ వితాలే చర్చే అయినా ఎనిమిది పలకల నమూనాలో కట్టారు. తర్వాత ఫ్రాంకుల రాజు షార్లమేన్ జర్మనీలోని ఆఖెన్‌లో కట్టించుకున్న ప్రార్థనాలయానికి దీన్నే చూసి నమూనా గీయించాడు.

సాన్ వితాలే గుమ్మటం ఇన్నాళ్లు ఎలా నిలిచింది?

బరువు లేదు కాబట్టి. దాదాపు 16 మీటర్ల వెడల్పున్న ఈ గుమ్మటాన్ని రాతితో గానీ గట్టి ఇటుకతో గానీ కట్టలేదు. కాల్చిన మట్టి గొట్టాలు వాడారు. ఒక్కోటి సన్నని మూతి ఉన్న బోలు సీసాలాంటిది. ఒకదాని మూతి ఇంకోదాని వెనకభాగంలో దూరుతుంది. వాటిని మెలికలు మెలికలుగా వరుస మీద వరుస తిప్పుతూ సున్నంతో అతికిస్తూ పైకి వెళ్తారు. వరుస దానంతట అదే నిలుస్తుంది కాబట్టి కింద భారీ కొయ్య సారువ అక్కర్లేదు. ఎనిమిది పలకల గోడ మీద గుండ్రటి గుమ్మటం కూర్చోవాలంటే మూలల్లో ఖాళీ వస్తుంది. అక్కడ చిన్న చిన్న కమానులు వేసి ఎనిమిది పలకల్ని గుండ్రంలోకి తిప్పారు.

కాన్‌స్టాంటినోపుల్‌లో 537లో పూర్తయిన హాగియా సోఫియాతో పోల్చి చూడండి. అక్కడ 30 మీటర్లు దాటిన ఇటుక గుమ్మటం, మొదటి రూపంలో వంపు తక్కువ, అందుకని పక్క గోడల మీద తోపుడు ఎక్కువ. భూకంపాలకు బీటలిచ్చి 558లో కొంత భాగం కూలింది. రావెన్నా మేస్త్రీలు అంత పెద్ద సాహసానికి పోలేదు. వాళ్ల మెత్తటి నేల అందుకు ఒప్పుకునేదీ కాదు.

గుమ్మటం లోపలి రంగుల చిత్రాలు 18వ శతాబ్దానివి. వాటిని చూసి 6వ శతాబ్దపు పని అనుకోవద్దు.

డబ్బు ఎవరు పెట్టారు?

జూలియానుస్ అనే బ్యాంకరు. సాన్ వితాలేకు ఆయన 26,000 బంగారు సొలిడస్‌లు ఇచ్చాడని 9వ శతాబ్దపు రావెన్నా చరిత్రకారుడు అగ్నెల్లుస్ రాశాడు. సొలిడస్ సుమారు 4.5 గ్రాములు, అంటే మొత్తం 117 కిలోల బంగారం. పని మొదలుపెట్టినది బిషప్పు ఎక్లేసియుస్, అప్పటికి ఊరు ఆస్ట్రోగోత్‌ల చేతిలోనే ఉంది. 547లో ప్రతిష్ఠ చేసినది మాక్సిమియానుస్, అప్పటికి బైజాంటైన్ పాలన వచ్చేసింది. చక్రవర్తి బొమ్మ గోడ మీద ఉంది గనుక కట్టించింది చక్రవర్తే అనడం తరచుగా కనిపించే పొరపాటు.

జస్టీనియన్, థియోడోరా ఇక్కడికి వచ్చారా?

రాలేదు. సాన్ వితాలేలో బలిపీఠానికి ఒకవైపు ఆయన బంగారు పళ్లెంతో, ఇంకోవైపు ఆమె పాత్రతో నిలబడి ఉంటారు. రాని మనుషుల్ని ప్రతి ఆరాధనలోనూ హాజరు వేయించడమన్నమాట. మొత్తం గుంపులో పేరు రాసి ఉన్నది ఒక్క మాక్సిమియానుస్‌కే. ఆ మొహం చుట్టూ ఉన్న అతుకుల్ని పరిశీలించిన పండితులు కొందరు, అక్కడ ముందు ఇంకో బిషప్పు ఉండేవాడని, తల మార్చి పేరు చేర్చారని వాదించారు. థియోడోరా అంగీ అంచు చూడటం మర్చిపోకండి. బాల క్రీస్తుకు కానుకలు పట్టుకుని వెళ్తున్న ముగ్గురు జ్ఞానులు అందులో బుటాలాగా కుట్టి ఉంటారు. 548లో ఆమె చనిపోయింది.

స్తంభాల మీద ఒంటి చేతులు కనిపిస్తున్నాయి, మనుషులు లేరు. ఎందుకు?

సాంతపొల్లినారే నువోవోను థియొడొరిక్ తన రాజభవనానికి చర్చిగా కట్టించుకున్నాడు. ఆయన ఏరియన్ మతస్థుడు, అంటే తండ్రి అయిన దేవుడితో కుమారుడైన క్రీస్తు సమానం కాదనే శాఖ. 325 నాటి నైసియా సభ దాన్ని తోసిపుచ్చింది. బైజాంటైన్ గెలుపు తర్వాత, 561 ప్రాంతంలో ఆర్చిబిషప్పు అగ్నెల్లుస్ (పైన చెప్పిన చరిత్రకారుడు ఈయన కాదు) ఆ చర్చిని తమ శాఖకు మార్చాడు. గోడ మీది రాజభవనం బొమ్మలో కమానుల కింద నిలబడ్డ మనుషుల్ని తవ్వి తీసి, తెరలు, నల్లని ఖాళీలు నింపారు. కానీ వాళ్ల చేతులు స్తంభాల మీదకు చాచి ఉన్నాయి. స్తంభాన్ని కూడా మార్చడం ఎందుకనుకున్నారో ఏమో, చేతులు వదిలేశారు. పైవరుసలో ఉన్న క్రీస్తు కథలను ముట్టుకోలేదు. 22 మంది కన్యల ఊరేగింపు, ఎదురుగా 26 మంది హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) ఊరేగింపు ఈ మార్పు సమయంలో వచ్చినవే. హతసాక్షుల ముందు నడిచేది తూర్ నగరపు మార్టిన్. ఏరియన్ల ప్రత్యర్థిగా పేరున్న ఆయనకే చర్చిని అంకితం చేశారు. అపొల్లినారే పేరు తర్వాత ఎప్పుడో, 9వ శతాబ్దంలో వచ్చింది.

రెండు బాప్తిస్మ మందిరాలు ఎందుకు?

రెండు శాఖలకు రెండు. నియోన్ బిషప్పు 5వ శతాబ్దం మధ్యలో గుమ్మటం వేసి అలంకరించినది ఒకటి, థియొడొరిక్ కాలపు ఏరియన్లది ఇంకొకటి. రెంటిలోనూ గుమ్మటం నడినెత్తిన క్రీస్తు బాప్తిస్మ ఘట్టం, చుట్టూ పన్నెండుమంది అపొస్తలులు, నీళ్లలో ముసలివాడిలా యొర్దాను నది. ఏరియన్ల దాంట్లో ఆ ముసలివాడి తల మీద ఎండ్రకాయ డెక్కలు మొలిచి ఉంటాయి. రోమన్ నదీదేవత క్రైస్తవ బొమ్మలోకి నడిచి వచ్చేశాడు. నియోన్ దాంట్లో క్రీస్తు తల, బాప్తిస్మమిచ్చే యోహాను చేతిలోని పళ్లెం 19వ శతాబ్దపు మరమ్మతులు. అప్పటి బాప్తిస్మం ఇలా జరిగిందని ఆ పళ్లెం చూపించి వాదించకండి.

శిలువ వేసిన దృశ్యం ఎక్కడా లేదేం?

సాంతపొల్లినారే నువోవోలో 26 ఘట్టాలున్నాయి. శిలువ దగ్గరకు నడిపించడం ఉంది, ఆ తర్వాత నేరుగా ఖాళీ సమాధి దగ్గర స్త్రీలు. నడుమది లేదు. ఆ కాలంలో ఆ దృశ్యం అరుదు. రోమ్‌లోని సాంతా సబీనా కొయ్య తలుపు మీద 430 ప్రాంతంలో చెక్కినది తొలి ఉదాహరణల్లో ఒకటి. శిలువ మాత్రం విజయచిహ్నంగా అంతటా ఉంటుంది, రత్నాలు పొదిగి. క్లాస్సెలో రూపాంతర ఘట్టానికి (కొండ మీద ముగ్గురు శిష్యుల ముందు క్రీస్తు రూపం వెలుగుతో మారిన ఘట్టం) క్రీస్తు నిలువెత్తు బొమ్మ బదులు 99 నక్షత్రాల నీలి వలయంలో శిలువ పెట్టారు. దాని కలయిక దగ్గర మాత్రం అరచేతి కంటే చిన్నగా కనిపించే క్రీస్తు ముఖం. పేతురు, యాకోబు, యోహాను ముగ్గురూ గొర్రెలు.

గల్లా ప్లాసీడియా సమాధిలో ఆమె ఉందా?

చక్రవర్తి హొనోరియస్ చెల్లెలైన ఆమె 450లో రోమ్‌లో చనిపోయింది, అక్కడే పూడ్చి ఉండాలి. ఇది సాంతా క్రోచె చర్చికి ఆనుకుని కట్టిన శిలువ ఆకారపు చిన్న మందిరం. నీలి గుమ్మటంలో బంగారు నక్షత్రాలు, గుమ్మం మీద గొర్రెల మధ్య బంగారు అంగీతో మంచి కాపరిగా క్రీస్తు. ఆ పసుపు వెలుగు కిటికీలకు బిగించిన పలుచని అలబాస్టర్ పలకలది. అవి 20వ శతాబ్దం మొదట్లో పెట్టినవి, కాబట్టి 5వ శతాబ్దంలోనూ అచ్చం ఇదే వెలుగని అనుకోలేం.

నేల ఇంత పల్లంలో ఎందుకుంది?

ఊరు నదులు తెచ్చిన ఒండ్రు మీద ఉంది. కట్టడాలు కుంగాయి, చుట్టూ వీధులు ఎత్తు పెరిగాయి. నియోన్ మందిరపు అసలు నేల ఇప్పటి వీధికి 3 మీటర్ల కింద ఉంది. గల్లా ప్లాసీడియా మందిరంలో నేలను మీటరున్నర దాకా ఎత్తారు. అందుకే అక్కడ నక్షత్రాలు అందేటంత దగ్గరగా అనిపిస్తాయి. కట్టినప్పుడు అలా లేదు. 20వ శతాబ్దంలో భూగర్భ జలం, గ్యాసు తోడేయడంతో ఆ ప్రాంతంలో కొన్నిచోట్ల నేల మీటరుకు పైగా దిగింది.

థియొడొరిక్ సమాధి కప్పు ఒకే రాయా?

అవును. ఇస్ట్రియా సున్నపురాయి, వెడల్పు దాదాపు 11 మీటర్లు, బరువు 230 టన్నులకు తక్కువ ఉండదని అంచనా. అంచున పన్నెండు పిడులు.

ఇంట్లో చిన్న ముక్క చేసి చూడొచ్చా?

చూడొచ్చు. 30 సెంటీమీటర్ల చదరానికి 1 సెంటీమీటరు ముక్కలు 750 దాకా కావాలి, విరిగేవాటికి ఇంకో వంద. ఆధారంగా గరుకైన మట్టి పెంకు పలక తీసుకోండి, ప్లైవుడ్ వద్దు, తడికి వంగుతుంది. నానబెట్టిన సున్నం 1 పాలు, ముతక ఇసుక 2 పాళ్లు, ఇటుక పొడి 1 పాలు కలిపి, పలకను బాగా తడిపి, సెంటీమీటరున్నర మందం వేసి గీతలు గీయండి. తడి గోనెసంచి కప్పి రెండు వారాలు ఉంచాలి. తర్వాత మళ్లీ తడిపి, సున్నం 1 పాలు, పాలరాతి పొడి 2 పాళ్లతో పై పూత, అదీ రెండు గంటల్లో నింపగలిగినంత మేరే. ముక్కను సగానికి పైగా లోపలికి నొక్కండి, ఒక్కోదాన్ని కాస్త ఒక్కోవైపు వాల్చండి. సందులు పైనుంచి మళ్లీ పూడ్చకండి, వాలు పోయి మెరుపు చస్తుంది.

ముక్కలు ఊడొస్తున్నాయంటే తొంభై పాళ్లు కింది పూత ఎండిపోయి పై పూతలోని నీళ్లను తాగేసిందని. పగుళ్లు వస్తే ఎండలో ఆరబెట్టారని. సిమెంటు కలిపితే త్వరగా బిగిసి దిద్దుకునే వీలుండదు. సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. గాజు కొట్టేటప్పుడు మరీను.

చూడటానికి ఎంత సమయం కావాలి?

ఒక రోజులో ముగించొచ్చు, రెండు రోజులైతే నయం. బొలోన్యా నుంచి రైలుంది. సాన్ వితాలే, గల్లా ప్లాసీడియా ఒకే ఆవరణలో ఉన్నాయి. చిన్న మందిరాల్లో గుంపులుగా పంపి కొద్ది నిమిషాలే ఉండనిస్తారు, కాబట్టి లోపలికి వెళ్లాక ఫొటోలు ఆఖరి నిమిషానికి పెట్టుకోండి. మొదటి నిమిషం కళ్లు చీకటికి అలవాటు పడటానికే పోతుంది. చిన్న బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, క్రీస్తు కథల వరుస చాలా ఎత్తులో ఉంటుంది. క్లాస్సె ఊరికి దక్షిణంగా దాదాపు ఐదు కిలోమీటర్లు, దాన్ని చివరి గంటకు వదిలేస్తే మూసేసిన తలుపు చూసి రావాల్సి వస్తుంది.